గ్రానైట్ బ్లేడు బ్రేజింగుకు పైరోమీటర్: ఏది కొనాలి, ఏది వద్దు

గ్రానైట్ కోసే బ్లేడుకు సెగ్మెంట్లను వెండి మిశ్రమం కరిగించి అతికించేటప్పుడు, అంటే బ్రేజింగ్ చేసేటప్పుడు, వేడిని తాకకుండా కొలవాలనుకునే షాపు ముందు మూడు రకాల పరికరాలు ఉంటాయి. ఒకటి ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే మామూలు టెంపరేచర్ గన్. రెండోది 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గరి కాంతితో పనిచేసే సింగిల్ కలర్ పైరోమీటర్. మూడోది రెండు తరంగదైర్ఘ్యాలను పోల్చి లెక్కకట్టే టూ కలర్ పైరోమీటర్. మూడూ దూరం నుంచే చూసి తెర మీద ఒక అంకె చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి చీమకుర్తిలో ఒక బ్లేడును కోతకు పంపొచ్చా లేదా అన్నదే ఈ రివ్యూలో చూస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బ్రేజింగుకు మామూలు గన్ పనికిరాదు. ఇండక్షన్ మిషను (కాయిల్ అయస్కాంత క్షేత్రంతో వేడిచేసేది) మీద వరసగా సెగ్మెంట్లు వేసే షాపుకు 1 మైక్రాన్ సింగిల్ కలర్ సరైనది. టూ కలర్ మంచి పరికరమే. కానీ చాలా షాపుల్లో దానికి పెట్టే అదనపు డబ్బుతో ఎండ పడకుండా తెర కట్టించి, మంచి థర్మోకపుల్ (తాకి వేడిని కొలిచే తీగల సెన్సరు) ఒకటి కొని, క్రమం తప్పకుండా కాలిబ్రేషన్ చేయించుకుంటే అంతకంటే ఎక్కువ ఫలితం దక్కుతుంది.

ఇరవై డిగ్రీల సందు

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ లాంటి గట్టి రాయిని కోసేది బ్లేడు ఉక్కు కాదు, దాని అంచున ఉన్న సెగ్మెంట్లు. లోహపు పొడిలో వజ్రపు రేణువులు కలిపి, ఒత్తి, కాల్చి చేసిన ముక్కలవి. అవి అరిగాక మిగిలినది ఊడదీసి, కోర్ (బ్లేడు ఉక్కు పలక) అంచును గ్రైండింగ్ చేసి, కొత్తవి సిల్వర్ రాడ్డుతోనో సిల్వర్ రేకుతోనో అతికిస్తారు. అతుకులో ఖాళీ 0.05 నుంచి 0.13 మి.మీ. మధ్య ఉంటే కరిగిన వెండి మిశ్రమం ఆ సందంతా దానంతటదే పాకుతుంది. అలా పాకాలంటే రాడ్డు పూర్తిగా కరిగే ఉష్ణోగ్రత కంటే పదిహేను, ఇరవై డిగ్రీలైనా పైన ఉండాలి.

ఆ ఉష్ణోగ్రత రాడ్డును బట్టి మారుతుంది. 56 శాతం వెండి, 5 శాతం తగరం ఉన్న బీఏజీ-7 రాడ్డు 618 డిగ్రీల దగ్గర కరగడం మొదలై 652 దగ్గర పూర్తిగా ద్రవమవుతుంది. 50 శాతం వెండి, 2 శాతం నికెల్ ఉన్న బీఏజీ-24 రాడ్డుకు ఆ అంకెలు 660, 707. కాడ్మియం లేని రాడ్లలో వెండి తగ్గేకొద్దీ సాధారణంగా కరిగే వేడి పెరుగుతూ పోతుంది. అందుకే చౌక రాడ్డు కొన్న షాపుకు కొలత ఇంకా కచ్చితంగా ఉండాలి.

పైవైపు రెండు హద్దులున్నాయి. గాలి తగిలే చోట వజ్రం సుమారు 700 డిగ్రీలు దాటాక ఆక్సీకరణ చెందడం మొదలవుతుంది. కోర్‌గా వాడే 75సీఆర్1 లాంటి ఎక్కువ కార్బన్ ఉక్కుకు సుమారు 730 దాటితే లోపలి నిర్మాణం మారిపోతుంది. ఆ స్థితి నుంచి త్వరగా చల్లబడితే అది పెళుసుబారుతుంది. నీళ్లు పోయకపోయినా ఈ ప్రమాదం తప్పదు. ఎందుకంటే వేడెక్కింది అంచున కొంచెం మేరే. చుట్టూ ఉన్న పెద్ద పలక చల్లగానే ఉండి ఆ వేడిని వేగంగా లాగేసుకుంటుంది. కొన్నాళ్ల కోత తర్వాత రెండు సెగ్మెంట్ల మధ్య గాడి అడుగున సన్నటి పగులు కనిపిస్తుంది. బీఏజీ-24తో పనిచేసేవాళ్లకు 707కీ 730కీ మధ్య మిగిలేది ఇరవై మూడు డిగ్రీలు. వేడి 707 అనే కింది హద్దుకు చేరకపోతే మిశ్రమం సందు లోపలికి పోదు. బయట చుట్టూ పట్టినట్టు కనిపిస్తుంది గానీ కోతలో సెగ్మెంటు ఊడుతుంది. తిరిగే బ్లేడు నుంచి ఎగిరిన సెగ్మెంటు ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం తీయగలదు. కొలత విషయంలో ఇంత పట్టుబట్టడానికి ముఖ్య కారణం అదే.

రంగు చూసి చెప్పే అనుభవజ్ఞుల చేతిపనిని తక్కువ చేయలేం. కానీ కన్ను చుట్టూ ఉన్న వెలుతురుతో పోల్చి చూస్తుంది. 700 డిగ్రీల ఉక్కు రాత్రి షిఫ్టులో ధగధగలాడుతుంది, పట్టపగలు షెడ్డులో మందంగా కనిపిస్తుంది. అదే మనిషి, అదే బ్లేడు, తీర్పు మాత్రం వేరు. టైమరు మీద ఆధారపడటమూ ఇంతే. వోల్టేజిని సరిదిద్దుకోలేని మిషనుకు సరఫరా 10 శాతం పడిపోతే అందే పవర్ 19 శాతం తగ్గుతుంది. ఉదయం సరిగ్గా సరిపోయిన సెకన్లు సాయంత్రం చాలవు.

మామూలు గన్ ఎక్కడ తప్పుతుంది

ఈ తరగతిలో నిక్కచ్చైనది కాబట్టి ఫ్లూక్ 62 మ్యాక్స్ ప్లస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మైనస్ 30 నుంచి 650 డిగ్రీల వరకు కొలుస్తుంది. 8 నుంచి 14 మైక్రాన్ల వికిరణాన్ని పట్టుకుంటుంది. దూరానికీ, చూసే మచ్చ వెడల్పుకూ నిష్పత్తి 12:1. ఎమిసివిటీ (ఉపరితలం వికిరణం వెదజల్లే వంతు, వివరం కింద ఉంది) 0.10 నుంచి 1.00 వరకు మార్చుకోవచ్చు. కింద పడ్డా తట్టుకునేలా కట్టారు. మోటారు బేరింగు, ప్యానెల్‌లో కేబుల్ ఇన్సులేషన్, కూలింగ్ నీళ్ల రబ్బరు గొట్టం లాంటివి చూడటానికి చాలా బాగుంటుంది. షాపులో ఒకటి ఉండాల్సిన పరికరం.

బ్రేజింగుకు దాని పరిధి చాలదు. బీఏజీ-7 పూర్తిగా కరిగేలోపే 650 దగ్గర ఆగిపోతుంది. పరిధి ఎక్కువున్న గన్ కొంటే పోలేదా అని చాలామంది అడుగుతారు. పోదు, ఎందుకంటే అసలు ఇబ్బంది తరంగదైర్ఘ్యంలో ఉంది.

అదే వేడిలో ఉన్న పరిపూర్ణ నల్ల వస్తువుతో పోలిస్తే ఒక ఉపరితలం ఎంత వంతు వికిరణం వెదజల్లుతుందో దాన్ని ఎమిసివిటీ అంటారు. గ్రైండింగ్ చేసిన శుభ్రమైన ఉక్కుకు ఇది 0.3 దగ్గర ఉండొచ్చు. ఆక్సైడ్ పొరగట్టి నల్లబడ్డాక 0.8 దాటుతుంది. అంటే ఒక్క బ్రేజింగు జరుగుతుండగానే, కళ్లముందే ఈ విలువ మారిపోతుంది. గన్‌లో 0.95 పెట్టి, 727 డిగ్రీలున్న శుభ్రమైన ఉక్కును 10 మైక్రాన్ల దగ్గర చూస్తే తెర మీద 330 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది. ఇది పరికరం పాడవడం వల్ల కాదు, ప్లాంక్ వికిరణ సూత్రం ప్రకారం రావలసిన అంకే అది. ఎమిసివిటీలో 10 శాతం పొరపాటుకే ఆ తరంగదైర్ఘ్యం దగ్గర సుమారు 53 డిగ్రీల తేడా వస్తుంది. 1 మైక్రాన్ దగ్గర అదే 10 శాతం పొరపాటుకు తేడా 7 డిగ్రీలే.

మచ్చ సంగతీ ఉంది. 12:1 గన్‌ను 30 సెం.మీ. దూరంలో పట్టుకుంటే చూసే వృత్తం 25 మి.మీ. సెగ్మెంటు మందం 10 మి.మీ. లోపే. మిగతాదంతా కాయిల్, చల్లటి ఉక్కు, వెనకున్న గోడ. వాటన్నిటి సగటునే గన్ చూపిస్తుంది. పైగా కరిగిన ఫ్లక్స్ (అతుకు దగ్గర ఆక్సైడ్ పట్టకుండా రాసే పూత) ఆ పొడవాటి తరంగదైర్ఘ్యాల్లో అపారదర్శకం. ఫ్లక్స్ ఉన్న చోట గన్‌కు కనిపించేది ఫ్లక్స్ పైపొర, దాని కింద ఉన్న ఉక్కు కాదు.

1 మైక్రాన్ పద్ధతి వచ్చిన దారి

ఈ పొట్టి తరంగదైర్ఘ్యపు పైరోమీటర్లకు అతి కఠినమైన పరీక్ష విమాన ఇంజిన్లలో జరిగింది. జెట్ ఇంజిన్‌లో కంబస్టర్ (ఇంధనం మండే గది) దాటిన వాయువు ముందుగా తగిలేది హై ప్రెషర్ టర్బైన్‌కు. ఆధునిక ఇంజిన్లలో ఆ వాయువు 1500 డిగ్రీలు దాటుతుంది. బ్లేడు చేసిన నికెల్ మిశ్రలోహం అంతకంటే చాలా ముందే, 1300 పైచిలుకు దగ్గర కరిగిపోతుంది. బ్లేడు లోపలి సొరంగాల్లో కంప్రెసర్ గాలి పారించి, సన్నటి రంధ్రాల గుండా దాన్నే పైన తెరలా పరచి, ఆపైన సిరామిక్ పూత వేసి నిలబెడతారు. లోహం వేడి పది, పదిహేను డిగ్రీలు పెరిగితే బ్లేడు ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్లు వేసుకునే స్థూలమైన లెక్క.

తిరిగే బ్లేడుకు థర్మోకపుల్ అంటించొచ్చు గానీ తీగను బయటికి తేవాలంటే స్లిప్ రింగులు గానీ, రేడియో టెలిమెట్రీ గానీ కావాలి. అది టెస్ట్ బెడ్ మీద సాధ్యం, ఎగిరే విమానంలో కష్టం. అందుకే చాలా ఇంజిన్లలో టర్బైన్ దాటాక వచ్చే వాయువు వేడిని థర్మోకపుళ్లతో కొలిచి, బ్లేడు వేడిని దాన్నుంచి అంచనా వేస్తారు. బ్లేడునే నేరుగా చూడాలనుకున్నప్పుడు కేసింగ్‌కు రంధ్రం పెట్టి, సఫైర్ లెన్సుతో, ఆప్టికల్ ఫైబరుతో కాంతిని బయట ఉన్న సిలికాన్ డిటెక్టరుకు తెస్తారు. టోర్నడో యుద్ధవిమానం ఆర్‌బీ199 ఇంజిన్‌లో బ్లేడు వేడిని ఇలా ఆప్టికల్ పైరోమీటరుతోనే కొలుస్తారు. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే చక్రానికి 80 బ్లేడ్లు ఉన్నాయనుకుంటే సెకనుకు 13,000 పైగా బ్లేడ్లు లెన్సు ముందు నుంచి పోతాయి. ఒక్కో బ్లేడును విడిగా చూడగల వేగం సిలికాన్‌కు ఉంది. మామూలు గన్‌లో ఉండే థర్మోపైల్ అనే సెన్సరుకు ఆ వేగం లేదు.

అక్కడ ఎదురైన చిక్కులు గ్రానైట్ షాపులోనూ ఎదురవుతాయి. కంబస్టర్ మంట వెలుగు బ్లేడు మీద పడి ప్రతిఫలిస్తే పైరోమీటర్ ఎక్కువ చూపిస్తుంది. మండుతున్న మసి రేణువు అడ్డంగా పోతే ఒక్క క్షణం అంకె ఎగురుతుంది. లెన్సు మీద మసి పడితే తక్కువ చూపిస్తుంది. మూడింటిలో అతి ప్రమాదకరం ఈ చివరిదే, ఎందుకంటే తక్కువ చూపించే పరికరాన్ని నమ్మిన కంట్రోలర్ వేడిని ఇంకా పెంచుతుంది. అందుకే ఇంజిన్ పైరోమీటర్‌కు లెన్సు ముందు ఎప్పుడూ శుభ్రమైన గాలి వీచేలా ఏర్పాటు ఉంటుంది. టర్బైన్ బ్లేడు మీది సిరామిక్ పూత 1 మైక్రాన్ దగ్గర కాంతిని కొంత లోపలికి వదిలేస్తుంది కాబట్టి, పూత ఉపరితలాన్నే కొలవాలంటే వాళ్లు పొడవాటి తరంగదైర్ఘ్యానికి పోతారు. గ్రానైట్ బ్లేడుకు ఆ బాధ లేదు, ఉక్కును నేరుగా చూడొచ్చు.

సింగిల్ కలర్: మా ఓటు దీనికే

సిలికాన్ డిటెక్టరుతో 0.8 నుంచి 1.1 మైక్రాన్ల మధ్య చూసేది, 500 లేదా 600 డిగ్రీల నుంచి కొలత మొదలయ్యేది, దూరం-మచ్చ నిష్పత్తి కనీసం 100:1 ఉన్నది తీసుకోండి. 500 మి.మీ. దూరం నుంచి మచ్చ 5 మి.మీ. అవుతుంది. ఆ సైజు మచ్చను అతుకు పక్కన కోర్ అంచు మీద హాయిగా పెట్టొచ్చు. 727 డిగ్రీలున్న శుభ్రమైన ఉక్కును 0.85 అమరికతో చూసినా 660 దగ్గర చూపిస్తుంది. మామూలు గన్ 330 చూపించిన చోట ఇది 660. ఎమిసివిటీ సరిగ్గా పెట్టాక ఆ మిగిలిన తేడా కూడా పోతుంది.

చేత్తో పట్టుకునేదా, స్టాండుకు బిగించేదా అంటే బిగించేదే మేలు. ఇండక్షన్‌లో సెగ్మెంటు 30 డిగ్రీల నుంచి 680కి పదమూడు సెకన్లలో వెళ్తే సెకనుకు 50 డిగ్రీల చొప్పున పెరుగుతున్నట్టు. అర సెకను ఆలస్యంగా స్పందించే పరికరం తెర మీద అంకె చూపే వేళకు ఉక్కు 25 డిగ్రీలు ముందుకు పోయుంటుంది. పైన చెప్పిన ఇరవై మూడు డిగ్రీల సందు అక్కడికే ఖర్చయిపోతుంది. స్పందన 10 మిల్లీసెకన్లో, అంతకంటే తక్కువో ఉన్న స్థిర పైరోమీటర్ కొని, దాని 4-20 మిల్లీఆంప్ అవుట్‌పుట్‌ను మిషను కంట్రోలరుకు కలిపితే చెప్పిన వేడి దగ్గర పవర్ దానంతటదే తగ్గుతుంది.

ఫైబర్ హెడ్ ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి. కాయిల్ దగ్గర ఉండే తలలో ఎలక్ట్రానిక్స్ ఉండవు, కాబట్టి వేడినీ, ఇండక్షన్ అయస్కాంత క్షేత్రాన్నీ అది లెక్కచేయదు. ఫైబరును మాత్రం కంపెనీ చెప్పిన వ్యాసార్ధం కంటే గట్టిగా వంచకూడదు. నేల మీద వదిలేస్తే ట్రాలీ చక్రం కింద పడి విరుగుతుంది. గొట్టంలో పెట్టి గోడ వెంట తీసుకెళ్లండి.

దీని బలహీనతల్లో పెద్దది ఎండ. ప్రకాశం జిల్లాలో చాలా షెడ్లు పక్కలు తెరిచే ఉంటాయి కాబట్టి ఈ సంగతి వివరంగా చెప్పాలి. సూర్యకాంతిలో 1 మైక్రాన్ దగ్గర శక్తి దండిగా ఉంది. 650 డిగ్రీల నల్లటి ఉక్కు ఆ దగ్గర స్వయంగా వెదజల్లే కాంతి కంటే, నడినెత్తి ఎండ దాని మీద పడి తిరిగొచ్చే కాంతి రెండు మూడు రెట్లు ఎక్కువ ఉండగలదు. లెక్కకు 650 ఉన్న చోట పరికరం 730 దాటి చూపిస్తుంది. ఆపరేటర్ వేడి చాలనుకుని ఆపేస్తాడు, అతుకు పచ్చిగా మిగిలిపోతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. మిషను ఆపి, చల్లటి బ్లేడును చూపించండి. తెర మీద పరిధి కంటే తక్కువ అన్న గుర్తు మాత్రమే రావాలి. అంకె ఏదైనా వస్తే బయటి వెలుగు లోపలికి వస్తున్నట్టే. నేరుగా ఎండ పడుతున్న చల్లటి బ్లేడు 700 చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పడమటి వైపు తెర కట్టండి. పని బల్ల మీద హాలోజన్ దీపం ఉంటే తీసేసి ఎల్ఈడీ పెట్టండి, తెల్ల ఎల్ఈడీలో ఈ తరంగదైర్ఘ్యం చాలా తక్కువ.

రెండో బలహీనత లెన్సు. ఫ్లక్స్ పొగ, గ్రానైట్ దుమ్ము రెండూ పడితే అది పొగచూరిన లాంతరు చిమ్నీలా అవుతుంది. కాంతి 10 శాతం తగ్గితే 727 దగ్గర 7 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. సగం కాంతి పోతే 46 డిగ్రీలు. తక్కువ చూపించిందంటే అసలు వేడి అంత పైన ఉందన్నమాట. కాడ్మియం ఉన్న పాత రకం రాడ్లు ఇంకా వాడే చోట ఇది బ్లేడు సమస్య దగ్గర ఆగదు. బీఏజీ-1 రాడ్డులో 24 శాతం కాడ్మియం ఉంటుంది. అది 767 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంతకు ముందు నుంచే పొగ వదులుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. ఎంత మంచి పైరోమీటర్ ఉన్నా కాడ్మియం రాడ్డును షాపులోకి రానివ్వకపోవడమే మంచిది.

లెన్సును లుంగీ గుడ్డతోనో, కాటన్ వేస్టుతోనో తుడవకండి. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి గట్టి ఖనిజాలు ఉంటాయి, పొడిగా తుడిస్తే గాజు మీద గీతలు పడతాయి. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊదాలి, తర్వాత లెన్సు కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి మెల్లగా ఒత్తి తీయాలి. కంప్రెసర్ గాలి నేరుగా కొడితే అందులోని నూనె, నీటి తుంపర లెన్సుకు అంటుకుంటాయి. లెన్సు ముందు ఎప్పుడూ వీచే పర్జ్ గాలి పెట్టుకుంటే నూనె ఫిల్టరు, నీటిని వేరుచేసే ఫిల్టరు రెండూ ఉండాలి.

టూ కలర్ ఎవరికి అవసరం

ఇది 0.95, 1.05 మైక్రాన్ల లాంటి రెండు దగ్గరి తరంగదైర్ఘ్యాల్లో వచ్చే కాంతిని కొలిచి, ఒకదాన్ని మరొకదానితో భాగిస్తుంది. పొగ, దుమ్ము, సగం కప్పిన మచ్చ లాంటివి రెండింటినీ సమానంగా తగ్గిస్తే భాగహారంలో ఆ తగ్గుదల కొట్టుకుపోతుంది. ఎమిసివిటీ ఎంతన్నది తెలియకపోయినా ఫర్వాలేదు, రెండు చోట్లా ఒకే విలువ ఉంటే చాలు. అమ్మేవాళ్లు ఈ మాటలో మొదటి సగం గట్టిగా చెప్తారు, రెండో సగంలోని షరతును మెల్లగా దాటేస్తారు.

ఆ షరతు చిన్నది కాదు. రెండు ఎమిసివిటీల నిష్పత్తిలో 1 శాతం తేడా ఉంటే 727 డిగ్రీల దగ్గర కొలత సుమారు 7 డిగ్రీలు తప్పుతుంది, 5 శాతం తేడా ఉంటే 35 డిగ్రీలు. మెరిసే ఉక్కు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడుతూ నీలి, ఊదా రంగులు మారే దశలో ఇలాంటి తేడాలు వస్తాయి. బాగా పొరగట్టిన కోర్ మీద అది స్థిరంగా ఉంటుంది. ఎండకు ఇదీ లొంగుతుంది. సూర్యకాంతి నిష్పత్తి వేల డిగ్రీల వస్తువుది కాబట్టి కొంచెం ఎండ కలిసినా అంకె చాలా పైకి పోతుంది. మంటలోని మసి మెరుపు, స్పార్కులతోనూ అదే జరుగుతుంది.

ఆక్సీ ఎసిటిలీన్ టార్చితో చేసేవాళ్లకు, పొగ ఎక్కువగా లేచే చోట, కాయిల్ చుట్టు లెన్సుకు కొంత అడ్డమొచ్చే చోట, ఒకే హెడ్‌తో రకరకాల సైజుల సెగ్మెంట్లు చూడాల్సిన చోట టూ కలర్ డబ్బుకు న్యాయం చేస్తుంది. కొంటే సింగిల్ కలర్ రీడింగునూ పక్కనే చూపించే మోడల్ కొనండి. రెండు అంకెల మధ్య తేడా రోజురోజుకీ పెరుగుతుంటే లెన్సు మురికిపడుతోందని అర్థం. ఈ ఒక్క సౌకర్యం మాకు చాలా నచ్చింది.

బిగించడం, సరిచూడటం

హెడ్‌ను అతుకు మీద గురిపెట్టకూడదు. అక్కడ ఫ్లక్స్ పొంగుతుంది, వెండి మెరుస్తుంది, సెకనుకో రకంగా ఉపరితలం మారుతుంది. అతుకుకు 3 నుంచి 5 మి.మీ. కింద, కోర్ ఉక్కు మీద గురిపెట్టండి. ఫ్లక్స్ అక్కడికి కారకుండా పలచగా రాయాలి. లంబానికి 45 డిగ్రీల లోపు కోణంలో చూడాలి, ఇంకా వంగితే ఎమిసివిటీ మారుతుంది. లేజర్ చుక్క, అసలు కొలత మచ్చ ఒకే చోట ఉన్నాయని నమ్మకండి. లేజర్ పక్కనుంచి వచ్చే మోడళ్లలో దగ్గరి దూరాల్లో రెండింటికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. ఎర్రగా కాలిన సన్నటి కడ్డీని అటూ ఇటూ జరిపి, సిగ్నల్ గరిష్ఠంగా వచ్చే చోటును గుర్తుపెట్టుకోండి. పీక్ హోల్డ్ (గరిష్ఠ అంకెను పట్టి ఉంచే సౌకర్యం) ఆపేయండి, లేదంటే ఒక్క నిప్పురవ్వకు అంకె అక్కడే నిలిచిపోతుంది.

ఎమిసివిటీ పుస్తకంలో చూసి పెట్టేది కాదు. పాత కోర్ ముక్కకు, గురిపెట్టే చోటు పక్కనే, 0.5 మి.మీ. కే టైపు థర్మోకపుల్ తీగలను ఒక్కొక్కటిగా స్పాట్ వెల్డింగ్ చేయండి. మెలిపెట్టి నొక్కి ఉంచితే చాలదు, మధ్యలో గాలి ఉంటే తక్కువ చూపిస్తుంది. ఒకసారి 750 వరకు వేడిచేసి పొర కట్టనివ్వండి. చల్లారాక మళ్లీ 690 దగ్గరకు తెచ్చి, ఇండక్షన్ పవర్ ఒక్క సెకను ఆపి, రెండు రీడింగులూ కలిసేలా ఎమిసివిటీ మార్చండి. పవర్ ఆపకపోతే తీగల్లోకి కాయిల్ నుంచి వోల్టేజి చొరబడి థర్మోకపుల్ అంకె ఊగుతుంది. సాధారణ తరగతి కే టైపు థర్మోకపుల్‌కే 700 దగ్గర 0.75 శాతం, అంటే 5 డిగ్రీలకు పైగా తేడాకు అనుమతి ఉంది. ప్రత్యేక తరగతి తీగ అయితే 3 డిగ్రీల లోపు. తీగ కొనేటప్పుడు ఈ తేడా అడిగి తీసుకోండి.

నెలకోసారి చేయదగిన పరీక్ష ఇంకోటి ఉంది. ఉక్కు దిమ్మకు 8 మి.మీ. వ్యాసంతో 50 మి.మీ. లోతు రంధ్రం వేసి, మఫుల్ ఫర్నేసులో 700 దగ్గర అరగంట ఉంచండి. లోతైన, నల్లబడ్డ రంధ్రం దాదాపు పరిపూర్ణ నల్ల వస్తువులా ప్రవర్తిస్తుంది. పైరోమీటర్ ఎమిసివిటీని 1.00 చేసి, రంధ్రం అడుగున 5 మి.మీ. మచ్చను పెట్టి చూడండి. దిమ్మలో గుచ్చిన థర్మోకపుల్‌తో తేడా 7, 8 డిగ్రీలు దాటితే ముందు లెన్సు శుభ్రం చేయండి. అయినా తేడా ఉంటే ల్యాబుకు పంపండి. ఫర్నేసు లేనివాళ్లు స్వచ్ఛమైన అల్యూమినియం తీగ ముక్కను కోర్ మీద పెట్టి చూడొచ్చు, అది 660 దగ్గర కరుగుతుంది. పైన ఆక్సైడ్ పొర ఉండటంతో కరిగినా ఆకారం నిలిచే ఉంటుంది, సన్నటి కడ్డీతో నొక్కితేనే తెలుస్తుంది. స్థూలంగా సరిచూసుకోవడానికి ఇది చాలు, ఎమిసివిటీ పెట్టడానికి చాలదు.

కొనేటప్పుడు

ధరలో తేడా పెద్దదే. మామూలు గన్ వేలల్లో దొరుకుతుంది, పరిశ్రమలకు వాడే 1 మైక్రాన్ పైరోమీటర్ లక్షల్లోకి పోతుంది, టూ కలర్ అంతకు పైన. డెమో అడిగితే ఆఫీసు బల్ల మీద కాదు, మీ షెడ్డులో, మీ కాయిల్ మీద, మధ్యాహ్నం వేళ చేయించండి. ముందు చల్లటి బ్లేడు, తర్వాత శుభ్రమైన ఉక్కు, ఆ తర్వాత పొరగట్టిన ఉక్కు, మూడూ చూపించమనండి. స్పెసిఫికేషన్ కాగితం మీద తరంగదైర్ఘ్యం రాసి లేకపోతే ఆ పరికరం గురించి ఇంక మాట్లాడనక్కర్లేదు. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుది కావాలి, అందులో 600, 700, 800 డిగ్రీల దగ్గర కొలిచిన అంకెలు, వాటి అనిశ్చితి విడిగా ఉండాలి. 100, 200 డిగ్రీల దగ్గర కాలిబ్రేట్ చేసిన కాగితం ఈ పనికి అక్కరకు రాదు.

రిపేరుకు పరికరం బెంగళూరో, చెన్నైయో పోతే ఆ వారాల్లో బదులు హెడ్ ఇస్తారా అన్నది ఆర్డరు కాగితంలోనే రాయించుకోండి. లెన్సు ముందు బిగించే రక్షణ గాజులు కనీసం రెండు అదనంగా తెప్పించండి. ఫ్లక్స్‌లోని ఫ్లోరైడ్ పొగ గాజును మెల్లగా తినేస్తుంది, ఒకసారి మసకబారిన గాజు తుడిస్తే బాగుపడదు. కొత్త గాజు బిగించిన ప్రతిసారీ రంధ్రం దిమ్మతో మళ్లీ సరిచూసి, ఆ రోజు అంకెను మిషను పక్కన పలక మీద రాసిపెట్టండి.